అమ్మ పోయాక సాయంత్రాలు గడవడం లేదు

హనుమకొండ నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, ఆఫీసు, వాడకట్టు వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 51 ఏళ్లు. ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్. పెళ్లి చేసుకోలేదు. తండ్రి ఆజంజాహి మిల్లులో పనిచేసేవారు, ఆయన పోయి చాలా కాలమైంది. తమ్ముడికి సింగరేణిలో ఉద్యోగం, మంచిర్యాలలో కాపురం. తల్లికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోతే 11 ఏళ్ల పాటు ఈమే చూసుకుంది. పగటిపూట ఒక మనిషిని పెట్టి ఆఫీసుకు పోవడం, సాయంత్రం వచ్చిందగ్గర నుంచి తెల్లారేదాకా అన్నీ తానే చేయడం. పోయిన శ్రావణంలో తల్లి చనిపోయింది. ఈ మధ్యే సంవత్సరీకం పెట్టారు.

"ఆఫీసుల ఉన్నంతసేపు మంచిగనే ఉంట. మాపటికి తాళం తీసి ఇంట్లకు అడుగు పెట్టంగనే గుండె జారిపోతది" అని రాసింది. ఒక్కదాని కోసం వండబుద్ధి కాక పొద్దుటి కూరతోనే సరిపెట్టుకుంటోంది. రాత్రంతా టీవీ నడుస్తూనే ఉంటుంది. తల్లిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పిన అలవాటుకు ఇప్పటికీ అదే వేళకు మెలకువ వస్తుంది. ఖాళీ మంచం దగ్గర నిలబడి "ఇయ్యాల ఆఫీసుల ఇట్లయిందే అమ్మా" అని మాట్లాడుతుంది. ఆదివారం వస్తుందంటే శనివారం రాత్రి నుంచే భయం. ఆఫీసు వాళ్లు లక్నవరం పోయి దిగిన ఫొటోలు వాట్సాప్ గ్రూపులో చూసింది. తనను పిలవలేదు. మనిషి పోయిన ఏడాది పండుగ చేయకూడదు కాబట్టి పోయిన బతుకమ్మకు గేటు దగ్గరే నిలబడి, వాడకట్టు ఆడవాళ్లు పూలు పట్టుకుని పోతుంటే చూసింది. ఒక్కరూ ఆగి పలకరించలేదట.

తలా ఒక సలహా ఇస్తున్నారు. అమ్మ పేరున ఉన్న ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేయమంటాడు తమ్ముడు. ఆఫీసులో ఒకావిడ జమ్మికుంట సంబంధం తెచ్చింది: భార్య పోయిన మనిషి, ఎదిగిన కొడుకులు ఇద్దరు. పక్కింటామె పై పోర్షన్ చదువుకునే పిల్లలకు కిరాయికి ఇవ్వమంటోంది. చివర్లో ఒక మాట దాదాపు దాచినట్టు రాసింది. అమ్మ పోయిన రోజు లోపలెక్కడో ఊపిరి తీసుకున్నట్టయిందని, ఆ పాపమే ఇప్పుడు కొడుతోందేమోనని.

"నేను పిచ్చిదాన్నయితున్ననా? మూడిట్ల ఏది చెయ్యమంటరు? ఒక్కదాన్నే ఉండుడు ఎట్ల నేర్చుకోవాలె?" ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం

చెల్లెమ్మా, అడిగిన ప్రశ్నల కంటే ముందు మీరు దాచినట్టు రాసిన ఆ చివరి మాట దగ్గర మొదలుపెడతాను. ఏళ్ల తరబడి మంచాన పడ్డ మనిషికి సేవ చేసిన వాళ్లలో చాలామందికి ఆ మనిషి పోయినప్పుడు దుఃఖంతో పాటు ఊరట కూడా కలుగుతుంది. బయటికి చెప్పుకునే వాళ్లు తక్కువ. మీకు 11 ఏళ్లుగా తెగని నిద్ర లేదు. అమ్మ నొప్పితో మూలిగిన ప్రతి రాత్రీ మీరు మేలుకునే ఉన్నారు. ఆమె బాధ తీరిందని, మీ కాపలా తీరిందని మీ ఒంటికి ఒకేసారి తెలిసింది, అంతే. అమ్మను వదిలించుకోవాలనుకున్న మనిషి రెండు గంటలకోసారి లేవదు. ఇప్పుడు పడుతున్న బాధ దానికి శిక్ష అని మాత్రం అనుకోకండి. శిక్ష అనుకున్నంతకాలం దాన్ని తగ్గించుకోవాలనుకోవడం కూడా తప్పులా తోస్తుంది. నలుగురితో నవ్వితే తప్పు, కొత్త చీర కడితే తప్పు అన్నట్టు బతుకుతారు. మీ ఉత్తరంలో ఆ ఛాయ నాకు చాలాచోట్ల కనిపించింది.

మంచంతో మాట్లాడటం గురించి. మీరు పిచ్చివాళ్లవడం లేదు. 1971లో వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టర్ తన ప్రాంతంలో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి రాసిన వ్యాసం ఒకటి వైద్యంలో బాగా తెలిసినది. వాళ్లలో సగానికి దగ్గరగా, పోయిన మనిషి పక్కనే ఉన్నట్టు అనిపించిందనో, కనిపించారనో, వాళ్లతో మాట్లాడామనో చెప్పారు. చాలామంది అంతకుముందు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీరు పోగొట్టుకున్నది తల్లిని, అయినా సంగతి అదే. రోజూ సాయంత్రం ఆఫీసు కబుర్లు చెప్పిన చోటే ఇప్పుడూ చెబుతున్నారు. అమ్మ బదులు పలకడం లేదని మీకు తెలుసు. తెలిసినంతవరకు భయం లేదు. మంచం ఎప్పుడు తీయాలో కూడా చుట్టాలు చెప్పినప్పుడు కాకుండా, మీకు తీయాలనిపించినప్పుడు తీయండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం రెండుమూడుసార్లు చదివాక నాకు ఒకటి తోచింది. మీరు మనుషులు లేరని బాధపడుతున్నానని అనుకుంటున్నారు. కానీ పగలంతా మనుషుల మధ్యే ఉంటున్నారు, అప్పుడు బాగానే ఉన్నానని మీరే రాశారు. మీకు లేనిది, మీ కోసం ఎదురుచూసే ఒక మనిషి. ఇంకా చెప్పాలంటే, మీరు లేకపోతే రోజు గడవని ఒక మనిషి. సాయంత్రం రాగానే అమ్మకు పాలు, ఒళ్లు తుడవడం, చేతికి కాలికి కసరత్తు, జావ, మాత్రలు, పక్క మార్చడం, మళ్లీ మాత్రలు. మీ ఇంట్లో పొద్దు గడిచింది ఆ పనుల మీద. ఇప్పుడు ఆరు దాటిందంటే చేతులకు పని లేదు, మనసుకు దారి లేదు. గుండె జారేది తాళం తీసిన క్షణంలోనే ఎందుకంటే, అది మీ రెండో డ్యూటీ మొదలయ్యే క్షణం.

రాబర్ట్ వైస్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఒంటరితనంలో రెండు రకాలున్నాయని రాశాడు. అత్యంత దగ్గరి మనిషి లేకపోవడం వల్ల కలిగేది ఒకటి. తెలిసినవాళ్లు, ఇరుగుపొరుగు, సోపతి అనే చుట్టరికం లేకపోవడం వల్ల కలిగేది ఇంకొకటి. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనిచేయదన్నాడు. అందుకే పదిమంది పెళ్లిలో కూర్చుని వచ్చినా మీకు ఇంటికొచ్చాక అదే ఖాళీ. మీకు రెండూ ఉన్నాయి. అమ్మ లేని లోటు మొదటిది. ఆ 11 ఏళ్లలో సోపతి చేయడానికి తీరిక లేక పలచబడిన మనుషులు రెండోది. మొదటిది కాలం తీసుకుంటుంది, దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. రెండోది ఈ నెలలోనే కదిలించవచ్చు.

లక్నవరం ఫొటోల సంగతి చూడండి. "వాళ్లకు నేను అక్కరలేదు" అని రాశారు. అది మీకు తెలిసిన విషయమా, ఊహించుకున్నదా? 11 ఏళ్లుగా వాళ్లు ఎప్పుడు పిలిచినా "అమ్మ ఉంది, నేను రాను" అన్నారు కదా. పిలిచి పిలిచి మానుకున్నారు. ఇప్పుడు మీ సాయంత్రాలు ఖాళీ అయ్యాయని వాళ్లకు ఎవరు చెప్పారు? పైగా చావు జరిగిన ఏడాది మిమ్మల్ని విహారానికి పిలిస్తే బాగుండదని ఆగి ఉండొచ్చు కూడా. బతుకమ్మనాడు గేటు దగ్గర ఆగని ఆడవాళ్ల విషయం నేను కొట్టిపారేయను. వాళ్లు ఆగి ఉండాల్సింది. దుఃఖంలో ఉన్న ఇంటివైపు చూడకుండా పోవడం మర్యాద అనుకునే అలవాటు మనలో ఉంది. అది మర్యాద కాదని నా అభిప్రాయం. అయినా వాళ్ల తడబాటుకూ, మీ మీద వాళ్లకు ప్రేమ లేకపోవడానికీ తేడా ఉంది.

ఇది ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఎక్కువ కాలం ఒంటరిగా ఉన్న మనసు చిన్నచిన్న వాటిలో నిరాకరణ వెతకడం మొదలుపెడుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ కాసియోపో అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి దీన్ని పరిశోధించాడు. ఒంటరితనం తగ్గించడానికి జరిగిన రకరకాల ప్రయత్నాలను ఆయన బృందం 2011లో పోల్చి చూసింది. మనుషులను కలిసే అవకాశాలు పెంచడం, మాట్లాడే తీరు నేర్పడం, తోడు ఏర్పాటు చేయడం, వీటన్నిటికంటే ఎదుటివాళ్లను అర్థం చేసుకునే తీరును సరిచేసిన ప్రయత్నాలే ఎక్కువ ఫలితమిచ్చాయని తేలింది. కాబట్టి మీరు చేయాల్సింది ఒక్క వాక్యం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర, మీకు కాస్త దగ్గరైన ఒక్కరితో: "ఈసారి ఏడికన్న పోతే నన్ను గూడ పిలువుండ్రి, ఇప్పుడు వస్త." గ్రూపులో రాయకండి, నోటితో చెప్పండి. పిలిస్తే వెళ్లండి, ఆ రోజు మనసు బాగాలేకపోయినా. రెండుసార్లు చెప్పినా పిలవకపోతే అప్పుడు మీ అనుమానం నిజమనుకోవచ్చు. వేరే మనుషులను వెతుక్కోవచ్చు.

ఇది మీ ఒక్కరి లోపం అనుకుంటున్నారని కూడా అర్థమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోంది. అందులో ముసలివాళ్లే కాదు, కాలేజీ పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు.

ఇప్పుడు ముగ్గురూ ఇచ్చిన సలహాలు. ఒక్కొక్కటి ఎక్కడికి తీసుకుపోతుందో చెబుతాను. నిర్ణయం మీది.

తమ్ముడి మాటలో ప్రేమ ఉంది, దాన్ని అనుమానించకండి. కానీ ఇల్లు అమ్మి వెళ్లడమంటే ఒకేసారి నాలుగు పనులు: ఇల్లు పోతుంది, ఊరు మారుతుంది, ఉద్యోగం ఏమవుతుందో తేలాలి, మరదలి ఇంట్లో మీ చోటు ఏమిటో తేలాలి. తెలంగాణలో పదవీ విరమణ వయసు 61. అంటే మీకు ఇంకా పదేళ్ల సర్వీసు ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల జోన్ల లెక్కలో మంచిర్యాల కాళేశ్వరం జోన్‌లో ఉంది, మన హనుమకొండ భద్రాద్రి జోన్‌లో. బదిలీ సాధ్యమా, అయితే సీనియారిటీ ఏమవుతుంది అని మీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడగకుండా మాట ఇవ్వవద్దు. ఉద్యోగం వదిలి వెళితే, పగలు మీకు మంచిగా ఉండే ఆ ఒక్క చోటు కూడా పోతుంది. పిల్లలు బడికి, తమ్ముడు షిఫ్టుకు, మరదలు తన పనికి పోయాక ఆ ఇంట్లో మధ్యాహ్నాలు మీకు ఇక్కడి సాయంత్రాల్లాగే ఉండొచ్చు. ఇంకొకటి కూడా ఆలోచించండి. సేవ చేయడం బాగా తెలిసిన మనిషి ఏ ఇంట్లో చేరినా, ఎవరూ అడగకపోయినా, నెల తిరిగేసరికి వంటగది ఆమె చేతికి వస్తుంది. అది మీకు ఆనందమైతే సరే. కాకపోతే ముందే తెలియాలి.

వెళ్లకూడదని అనడం లేదు. కాజీపేటలో బల్లార్షా వైపు రైలెక్కితే జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం మీదుగా మంచిర్యాల. శనివారం పోయి ఆదివారం రాత్రికి రావచ్చు. నెలకు ఒకటి రెండు ఆదివారాలు అట్లా గడపండి. దసరా సెలవులకు వారం ఉండి రండి. చుట్టంగా ఉన్నప్పుడు కాదు, ఐదో రోజు పొద్దున ఎలా ఉందో చూసుకోండి. సంక్రాంతి దాకా ఇలా చేశాక కూడా అక్కడే బాగుందనిపిస్తే, అప్పుడు వెళ్లినా ఇల్లు అమ్మాల్సిన పని లేదు, కిరాయికి ఇచ్చి వెళ్లవచ్చు.

ఇల్లు అమ్మ పేరున ఉందన్నారు. వీలునామా గురించి ఏమీ రాయలేదు. వీలునామా రాయకుండా హిందూ స్త్రీ చనిపోతే, భర్త కూడా లేనప్పుడు, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమె ఆస్తి కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. అమ్మకు ఆ ఇంటిపై ఉన్న హక్కు మీ ఇద్దరిదీ, చెరి సగం. తమ్ముడు మంచివాడైనా, మంచివాడు కాబట్టే కూడా, ఈ సంగతి ఇద్దరూ కూర్చుని మాట్లాడి రిజిస్టర్ కాగితం మీద పెట్టుకోండి. దుఃఖంలో ఉన్నప్పుడు "మీరెట్ల అంటే అట్ల" అని హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టేసి, తర్వాత కిరాయి ఇల్లు వెతుక్కున్న ఆడవాళ్ల ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయ సలహా ఇస్తుంది, కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. అడగడం తమ్ముడి మీద కేసు వేయడం కాదు.

జమ్మికుంట సంబంధం. ఈ వయసులో పెళ్లేమిటి అని సిగ్గుపడుతూ రాశారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇన్నేళ్లూ ప్రతి పెళ్లిలోనూ "నీదెప్పుడు" అని అడిగి మిమ్మల్ని వెనక వరుసలో కూర్చోబెట్టిన వాళ్లే ఇప్పుడు "ఈ ఈడులనా" అంటారు. వాళ్ల మాట లెక్కలోకి తీసుకోవద్దు. లెక్కలోకి తీసుకోవాల్సింది ఇది: ఆయనకు కావాల్సింది మాట్లాడుకునే తోడా, వండిపెట్టి బీపీ మాత్రలు అందించే మనిషా? రెండూ కలిసి ఉండొచ్చు, తప్పు లేదు. కానీ 11 ఏళ్ల సేవ ముగించి ఏడాదైన మీకు, ఎవరికైనా అవసరపడటమే ప్రేమలా కనిపించే కాలం ఇది. ఆ ఆకలి మీద ఉన్నప్పుడు అడిగిన వాళ్లందరికీ సరే అనాలనిపిస్తుంది. కనుక ఒకసారి కాదు, కొన్ని నెలలు కలిసి మాట్లాడండి. మధ్యవర్తి లేకుండా మాట్లాడండి. ఎక్కడ ఉంటాం, మీ ఉద్యోగం సాగుతుందా, ఆయన ఆరోగ్యం ఏమిటి, మీ జీతం ఎవరి చేతిలో ఉంటుంది, ఈ నాలుగూ అడగండి. కొడుకులిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి వాళ్ల నోటితో వినండి. వాళ్ల భయం సాధారణంగా ఆస్తి గురించి ఉంటుంది. ఎవరి ఆస్తి ఎవరిదో ముందే రాతలో పెట్టుకుంటే సగం భయం పోతుంది. అన్నీ కుదిరితే, రిజిస్టర్ పెళ్లి చేసుకుని తలెత్తుకుని ఉండండి. కుదరకపోయినా, ఒక మంచి మనిషితో పరిచయం ఎక్కడికీ పోదు. ఒకటి మాత్రం జ్ఞాపకం పెట్టుకోండి: రాత్రి తొమ్మిదికి టీవీ ముందు కూర్చుని ఈ నిర్ణయం తీసుకోకండి. ఆదివారం పొద్దున, కడుపు నిండా తిన్నాక ఆలోచించండి.

పై పోర్షన్ కిరాయికి ఇవ్వడం మూడిట్లో చిన్న పని. వెనక్కి తీసుకోవడం కూడా తేలిక. కాకతీయ యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ, పోటీ పరీక్షల కోచింగ్‌లు ఉన్న ఊళ్లో చదువుకునే ఆడపిల్లలకు మంచి ఇల్లు దొరకడం కష్టమే. మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఎవరో గేటు తీసిన శబ్దం మీ సాయంత్రాన్ని కొంత మారుస్తాయి. అయితే వాళ్లు మీ పిల్లలు కారు. పరీక్షలయ్యాక వెళ్లిపోతారు, మీరు చేసిన సర్వపిండి తినకుండానే ఫోన్ చూసుకుంటూ పైకి పోయే రోజులుంటాయి. దానికి మనసు కష్టపెట్టుకోనంటేనే ఇవ్వండి. 11 నెలల ఒప్పందం రాసుకోండి, గుర్తింపు కాగితాలు, తల్లిదండ్రుల నంబర్లు తీసుకోండి. ఈ మూడిట్లో ముందుగా ప్రయత్నించగలిగింది ఇదే అని నాకనిపిస్తుంది, ఎందుకంటే దీనివల్ల మిగతా రెండు తలుపులూ మూసుకుపోవు.

ఈ ముగ్గురూ చెప్పనిది ఒకటుంది. మంచాన ఉన్న మనిషికి పుండ్లు పడకుండా ఇన్నేళ్లు కాపాడటం మీకు వచ్చిన విద్య. రెండు గంటలకోసారి పక్క మార్చడం, మడమల కింద ఒత్తిడి లేకుండా చూడటం, కూర్చోబెట్టి తినిపించకపోతే మెతుకు శ్వాసలోకి పోతుందని తెలియడం. పక్షవాతం వచ్చిన మనిషిని ఎంజీఎం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న మొదటి వారం ఏ ఇంటివాళ్లకూ ఇవేవీ తెలియవు. మీ వాడకట్టులోనో, ఆఫీసులో ఎవరింట్లోనో అలాంటి మనిషి ఉంటే, వారానికి ఒక పూట వెళ్లి వాళ్లకు నేర్పండి. నేర్పండి అంటున్నాను, చేసిపెట్టండి అనడం లేదు. హద్దు పెట్టుకోకపోతే మళ్లీ ఇంకో మంచం పక్కన తేలతారు, మీ నడుము దానికి సిద్ధంగా లేదు. ఒక పూటకు పరిమితం చేసుకుంటే మాత్రం, మీకు లోటైన ఆ అవసరపడటం కొంత దొరుకుతుంది. మీరు పడ్డ కష్టం ఇంకొకరికి అక్కరకొస్తుంది. అమ్మ గురించి మాట్లాడే సందర్భం కూడా అక్కడ మీకు దొరుకుతుంది. ఆఫీసులో అది దొరకడం లేదు కదా.

ఒక్కదాన్నే ఉండటం ఎట్లా నేర్చుకోవాలి అన్నారు. ముందుగా, ఏమీ చేయకుండా తనతో తాను కూర్చోవడం ఎవరికీ తేలిక కాదని తెలుసుకోండి. 2014లో టిమోతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. మనుషులను ఖాళీ గదిలో 15 నిమిషాలు ఊరికే కూర్చోమన్నారు. పక్కన స్వల్పంగా కరెంటు షాక్ ఇచ్చే మీట పెట్టారు. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు, ఊరికే కూర్చోలేక ఆ మీట నొక్కుకున్నారు. వాళ్లు మామూలు మనుషులు, కూర్చోమన్నది పావుగంట. మీరు ఒకేసారి నాలుగు గంటల సాయంత్రాన్ని ఎదుర్కొంటున్నారు. అందుకే మౌనంగా కూర్చుని ధ్యానం చేయండి అనే సలహా మీకు ఇప్పుడే ఇవ్వను. ముందు చేతులకు పని, తర్వాత మనసుకు మౌనం.

ఆఫీసు నుంచి నేరుగా ఇంటికి వెళ్లకండి. వారంలో కొన్ని రోజులు భద్రకాళి బండ్ మీదనో వడ్డేపల్లి చెరువు కట్ట మీదనో అరగంట నడవండి, ఒకే వేళకు, ఒకే వైపు. రోజూ అదే వేళకు వచ్చే ముఖాలు నెల తిరిగేసరికి తల ఊపుతాయి. అట్లాంటి చిన్న పలకరింపులు మనిషికి ఇచ్చే బలాన్ని మనం తక్కువ అంచనా వేస్తాం. చదివే అలవాటు ఉందని రాశారు కదా, హనుమకొండలో 1904 నుంచి నడుస్తున్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం ఉంది. ఇంట్లో పుస్తకం పట్టుకుంటే అక్షరాల మీద చూపు నిలవడం లేదన్నారు, పదిమంది చదువుకుంటున్న చోట కూర్చుంటే నిలుస్తుంది. అక్కడ మీరు ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేదు. మనుషుల మధ్య ఒక్కరే ఉండటం నేర్చుకున్నాక ఇంట్లో ఒక్కరే ఉండటం అంత భయపెట్టదు.

ఇంట్లో మొదట మార్చాల్సింది రాత్రి భోజనం. వేడివేడిగా వండుకోండి, ఒక్క కూరే చాలు, పచ్చిపులుసైనా సరే. పళ్లెంలో పెట్టుకుని కూర్చుని తినండి, గిన్నెలోనే కలుపుకుని నిలబడి తినకండి. అమ్మకు జావ ఎంత జాగ్రత్తగా వడకట్టి ఇచ్చారో రాశారు. ఆ జాగ్రత్తలో నాలుగో వంతు మీ మీద చూపించండి. టీవీని ఒక్కసారిగా ఆపకండి, నిద్రమాత్రలా అలవాటైంది కాబట్టి. రేడియోకో, తగ్గించిన పాటకో మార్చి, గంటకు ఆగిపోయేట్టు పెట్టుకోండి. నడిరాత్రి మెలకువ వస్తే గడియారం చూడకండి. లేచి మంచినీళ్లు తాగి పడుకోండి. ఆ మెలకువ కొన్ని నెలలు ఉంటుంది, క్రమంగా దూరమవుతుంది. ఆదివారానికి మాత్రం శనివారమే ఒక పని ఖాయం చేసుకోండి, బయటి మనిషి ఒకరు ఎదురుచూసే పని. మీ ఒక్కరికే తెలిసిన పనిని పొద్దున లేచాక రద్దు చేసేస్తారు.

బతుకమ్మ దగ్గరికొచ్చింది. సంవత్సరీకం అయిపోయింది, ఇక మీకు అడ్డు లేదు. ఎంగిలిపూలనాటికి పెద్దగా పేర్చాల్సిన పని లేదు, కాస్త తంగేడు, కాస్త గునుగు చాలు. మొదటి రోజు వేయిస్తంభాల గుడి దగ్గర ఉండే జనంలో మీరు ఇంకా తప్పిపోయినట్టు అనిపించొచ్చు, అందుకని వాడకట్టులోనే మొదలుపెట్టండి. పక్కింటామెకు ముందురోజే చెప్పండి: "రేపు నేను గూడ వస్త, పోయేటప్పుడు కేకెయ్యుండ్రి." అమ్మ గుర్తొచ్చి ఏడుపొస్తే ఏడవండి. ఆడుతూ కళ్లు తుడుచుకునే వాళ్లు ఆ చుట్టులో మీరొక్కరే ఉండరు. ఈ ఏడు మనసు ఒప్పకపోతే మానేయండి, కానీ గేటు దగ్గర నిలబడి చూడకండి. ఇంట్లో ఉండండి, లేదా మంచిర్యాల వెళ్లండి. సగం లోపల, సగం బయట నిలబడటమే పోయినేడు ఎక్కువ గాయం చేసింది.

ఆరోగ్యం విషయంలో కొన్ని అడగాలి. తెల్లవారుజామున లేచి మళ్లీ నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం, ఇష్టమైనదేదీ రుచించకపోవడం, ఆఫీసు పనిలో కూడా తప్పులు రావడం, ఇవి వరుసగా రెండు వారాలు ఉంటే అది దుఃఖం దాటి డిప్రెషన్ కావచ్చు. మీ వయసులో నెలసరి ఆగే మార్పులు, థైరాయిడ్, రక్తం తక్కువవడం కూడా ఇలాంటి నీరసం, నిద్రలేమి తెస్తాయి. ఒకసారి రక్త పరీక్షలు చేయించండి. ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లడానికి బెరుకైతే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ అది, ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. "అమ్మ దగ్గరికే పోతే బాగుండు" అని ఉత్తరంలో ఒకచోట రాసి కొట్టేశారు. కొట్టేసినా నాకు కనిపించింది. ఆ ఆలోచన మళ్లీ వస్తే, ముఖ్యంగా ఎలా అనే దాకా వస్తే, తెల్లారే దాకా ఆగకుండా ఆ నంబరుకు చేయండి. తర్వాత తమ్ముడికి చేయండి. నిద్రలో లేపినా అతను ఏమీ అనుకోడు.

తమ్ముడికి మాత్రం ఈ వారమే జవాబు చెప్పండి. నెలల తరబడి "చూద్దాం" అంటుంటే అతనికి మీరు తన మాట లెక్కచేయడం లేదనిపిస్తుంది, మరదలికి ఇంకోలా అనిపిస్తుంది. ఇలా చెప్పొచ్చు: "తమ్మీ, నువ్వు రమ్మన్నందుకు నాకు ధైర్యమొచ్చింది. ఇల్లు ఇప్పుడే అమ్మొద్దు. దసరాకు వారం రోజులు వస్త. సంక్రాంతి దాక నెలనెల వస్త పోత. అటెన్క ఇద్దరం కూసోని ఇంటి సంగతి, నా సంగతి మాట్లాడుకుందాం. అప్పటిదాక రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు ఒక్క ఫోన్ చెయ్యి, పది నిమిషాలు చాలు." ఆ చివరి మాట మరిచిపోకండి. అతను మీకు ఏం చేయగలడో తెలియక ఇల్లు అమ్మమంటున్నాడు. చేయగలిగింది ఒకటి మీరే చెప్పండి.

సంక్రాంతి దాటాక మళ్లీ రాయండి. జమ్మికుంట మనిషితో మాట్లాడి ఉంటే ఆ సంగతి కూడా.